మోటారు తొందరగా కాలాలంటే

మాది ఆత్మకూర్ (ఎస్). ఆ బ్రాకెట్టును తేలిగ్గా తీసుకోకండి. ఎస్ అంటే సూర్యాపేట. యాదాద్రి జిల్లాలో ఆత్మకూర్ (ఎం) ఉంది. వనపర్తి జిల్లాలో ఒక ఆత్మకూరు, హనుమకొండ జిల్లాలో ఇంకొకటి, కిందికి పోతే నంద్యాల, నెల్లూరు జిల్లాల్లో చెరొకటి. బ్రాకెట్టు రాయడం మరిచిపోతే హైదరాబాద్‌లో బుక్ చేసిన కండెన్సర్ల డబ్బా నెల్లూరు దాకా షికారు చేసి వస్తుంది. ఊరి పేరులో ఒక్క అక్షరం పోతేనే ఇంత తిప్పలు. మోటారులో ఒక్క వైరు అటుదిటైతే ఎంత తిప్పలో మీరే ఊహించుకోండి. ఆ తిప్పల మీదే నా బతుకు.

నాది మోటారు వైండింగ్ షాపు. రేకుల షెడ్డు, ఒక వైండింగ్ మిషను, వార్నిష్ డబ్బా, మూలకు కాలిన రాగి తీగల కుప్ప. ఆ కుప్ప ఎంత ఎత్తుంటే మా ఇంట్లో అంత సంతోషం. ఈ మధ్య కుప్ప ఎదగడం లేదు. జనం మీటర్లు కొంటున్నారు, ఎంసీబీలు పెట్టిస్తున్నారు, మోటారు మూలిగితే స్విచ్ ఆపేస్తున్నారు. ఇట్లయితే మాలాంటివాళ్లం ఏం కావాలి? అందుకే వెల్డింగ్ షాపులు, లేత్‌లు, గిర్నీలు, రందా మిషన్లు, గడ్డి కోసే మిషన్లు నడిపే అన్నదమ్ములందరి కోసం, ఇన్నేళ్ల అనుభవంతో, ఈ సలహాలు రాస్తున్నాను. శ్రద్ధగా పాటించండి. మిగతాది నేను చూసుకుంటా.

1. ముందుగా నేమ్‌ప్లేటుకు పెయింటు పూయండి

మోటారు ఒంటి మీద చిన్న రేకుముక్క ఒకటి ఉంటుంది. ఎన్ని హెచ్‌పీలు, ఎన్ని ఓల్టులు, ఎన్ని ఆంపియర్లు, నిమిషానికి ఎన్ని చుట్లు, ఏ కండెన్సర్ పెట్టాలి, అన్నీ దాని మీదే రాసి ఉంటాయి. ఇన్ని విషయాలు తెలిసినవాడు నా దగ్గరకు రాడు. కాబట్టి దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు మోటారుకు మంచి ఆకుపచ్చ పెయింటు వేయించండి. రేకు మీద రెండు కోటింగులు ఎక్కువ పడనివ్వండి.

దానివల్ల కలిగే మేలు చెప్తాను. మన కరెంటు 50 సైకిళ్లది. నాలుగు పోళ్ల మోటారు లెక్క ప్రకారం నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. బరువు మీద కొంచెం వెనకబడి 1440 దగ్గర నిలుస్తుంది. రెండు పోళ్లదైతే 2880. రెండూ ఒక్క హెచ్‌పీవే, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. వడ్లు తూర్పారబట్టే ఫ్యానుకు 1440 మోటారు తీసేసి అదే పుల్లీతో 2880ది బిగించారనుకోండి, వేగం రెట్టింపు అవుతుంది. గాలి పంకాకు వేగం రెట్టింపైతే మోటారు మీద బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. సాయంత్రానికల్లా మోటారు మా షెడ్డుకు చేరుతుంది.

ఆ రేకు మీద కూడా ఒక ఎస్ ఉంటుంది. ఎస్1 అని ఉంటే పొద్దంతా నడవగలిగే మోటారు. ఎస్2 అని ఉండి పక్కన 30 నిమిషాలని ఉంటే అరగంట నడిచి చల్లారాల్సిన మోటారు. ఎస్2 మోటారును పిండిగిర్నీకి పెట్టి పొద్దుగూకేదాకా ఆడించండి. ఊరి ఎస్‌ను మరిచిపోతే డబ్బా దారి తప్పుతుంది. ఈ ఎస్‌ను మరిచిపోతే మోటారు తిన్నగా నా దగ్గరకే వస్తుంది.

2. హుం అని మూలిగితే స్విచ్ ఆపకండి

స్విచ్ వేశారు. తిరగలేదు. హుం అంటోంది. ఇదే నా వ్యాపారానికి ప్రాణం. ఆ చప్పుడు వినగానే కొందరు పిరికివాళ్లు టక్కున ఆపేస్తారు. మీరు ధైర్యంగా నిలబడండి. "ఎక్కుతది, ఎక్కుతది" అని పక్కవాడికి ధైర్యం చెప్పండి. ఒక బీడీ వెలిగించండి.

లోపల జరిగేది ఇది. తిరిగే మోటారు లాగే కరెంటుకు ఐదారు రెట్లు కరెంటును కదలకుండా నిలబడ్డ మోటారు లాగుతుంది. కాయిల్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఐదు రెట్ల కరెంటుకు 25 రెట్ల వేడి, ఆరు రెట్లకు 36. పైగా తిరగని మోటారు వెనక ఫ్యాను కూడా తిరగదు, గాలి ఆడదు. బీడీ అయిపోయేలోపు వార్నిష్ వాసన వస్తుంది.

అసలు ఎందుకు మూలుగుతుందని అడిగే మొండివాళ్లుంటారు. సింగిల్ ఫేజు కరెంటు ఉయ్యాలలాంటిది. ముందుకీ వెనక్కీ ఊగుతుందే తప్ప, తనంతట తాను చుట్టూ తిరగదు. అందుకని మోటారులో రన్నింగ్ కాయిల్‌కు తోడు సన్నటి తీగతో స్టార్టింగ్ కాయిల్ ఒకటి పెట్టి, దానికి కండెన్సర్ తగిలిస్తారు. కండెన్సర్ వల్ల ఆ కాయిల్‌లో కరెంటు కొంచెం ముందు పరుగెత్తుతుంది. ముందొకటి, వెనకొకటి, రెండు ఊపులు కలిస్తే అయస్కాంతం తిరిగినట్టవుతుంది. ఇటలీలో టూరిన్ పట్టణంలో గలీలియో ఫెరారిస్ 1885లో ఈ తిరిగే అయస్కాంతాన్ని చేసి చూపించాడు. 1888లో అమెరికాలో నికోలా టెస్లా పేటెంటు తీసుకున్నాడు. ఆ ఊపు అందకపోతే మోటారు ఎటు పోవాలో తెలియక మూలుగుతుంది.

బెల్టు తీసేసి, షాఫ్టుకు తాడు చుట్టి లాగి స్విచ్ వేస్తే అది ఎటు లాగితే అటు అందుకుని తిరుగుతుందా? అయితే రన్నింగ్ కాయిల్ బాగుంది, తప్పు స్టార్టింగ్ వైపుంది. కండెన్సరో, సెంట్రిఫ్యూగల్ స్విచ్చో, స్టార్టింగ్ కాయిలో. బెల్టు తీసినా షాఫ్టు చేత్తో కదలకపోతే బేరింగు బిగుసుకుంది. ఇంత సులువుగా తెలిసిపోతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. బెల్టు ఉండగానే చేత్తో లాగి స్టార్ట్ చేసే అలవాటు చేసుకోండి. వేళ్లు పది ఉన్నాయి కదా.

3. కండెన్సర్ ఎంత పెద్దదైతే అంత బలం

అన్నంలో నెయ్యి ఎంతేస్తే అంత రుచి కదా. కండెన్సర్ కూడా అంతే అనుకోండి. షాపుకు పోయి "అన్నా, పెద్దది ఇయ్యి" అనండి.

స్టార్టింగ్ కండెన్సర్ నల్ల ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. దాని మీద 100-120 ఎంఎఫ్‌డీ అనో, 150-200 అనో ఉంటుంది. రెండు మూడు సెకన్లు పనిచేసి తప్పుకోవడానికే దాన్ని చేశారు. రన్నింగ్ కండెన్సర్ 440 ఓల్టులది, విలువ చాలా తక్కువ. మోటారు నడిచినంతసేపూ కరెంటులోనే ఉండగలదు. సీలింగ్ ఫ్యానులో ఉండే 2.5ది కూడా ఈ జాతిదే. రన్నింగ్ కండెన్సర్ చోట స్టార్టింగ్‌ది పెట్టి చూడండి. కొద్దిసేపటికి దీపావళి. రన్నింగ్‌దే రెండింతలు పెద్దది పెట్టారనుకోండి, స్టార్టింగ్ కాయిల్ అదనపు కరెంటుతో రోజంతా వేడెక్కి నిదానంగా నల్లబడుతుంది. పేలుడు ఇష్టంలేని శాంతస్వభావులకు ఈ రెండో పద్ధతి.

స్టార్టింగ్ కండెన్సర్‌ను తప్పించే పని సెంట్రిఫ్యూగల్ స్విచ్‌ది. మోటారు పూర్తి వేగంలో మూడొంతులు అందుకోగానే లోపల గుండ్లు విచ్చుకుని టక్ మని స్టార్టింగ్ కాయిల్‌ను విడదీస్తాయి. స్విచ్ ఆపాక, వేగం తగ్గేటప్పుడు మళ్లీ టక్ మని కలుస్తాయి. చెవి పెట్టి వింటే రెండూ వినిపిస్తాయి. ఎక్కేటప్పుడు టక్ వినపడకపోతే స్విచ్ విడిపోలేదని అర్థం. స్టార్టింగ్ కాయిల్‌కు ఇంకెంతోసేపు ఆయుష్షు లేదు. దిగేటప్పుడు టక్ వినపడకపోతే రేపు పొద్దున హుం అంటుందని అర్థం. ఈ రెండు టక్కులు వినిపించకుండా షాపులో డీజే పెట్టుకోండి.

4. ఉల్టా తిప్పాలంటే ప్లగ్గు తిప్పి పెట్టండి

గడ్డి మిషనుకో, లేత్‌కో మోటారు బిగిస్తారు. ఉల్టా తిరుగుతుంది. వెంటనే ప్లగ్గు పీకి, తిప్పి పెట్టండి. మళ్లీ ఉల్టానే. ఇంకో బోర్డులో పెట్టి చూడండి. మళ్లీ ఉల్టానే. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు తనే దిశ మార్చుకుంటుంది. మీరు ప్లగ్గు ఒక్కసారి మారిస్తే దానికేం లెక్క? దిశను నిర్ణయించేది రన్నింగ్ కాయిల్‌కు, స్టార్టింగ్ కాయిల్‌కు మధ్య ఉన్న సంబంధం. స్టార్టింగ్ కాయిల్ రెండు కొసలను ఒకదాని చోట ఒకటి మారిస్తే మోటారు ఉల్టా తిరుగుతుంది. లేదా రన్నింగ్ కాయిల్ కొసలు మార్చినా చాలు. రెండూ మార్చారో, మళ్లీ మొదటికే. అందుకే మీరు రెండూ మార్చండి. మధ్యాహ్నం దాకా పొద్దుపోతుంది.

డబ్బా విప్పితే నాలుగు వైర్లు బయటకు వచ్చి ఉంటే పని సులువు. రెండు రన్నింగ్‌వి, రెండు స్టార్టింగ్‌వి. రెండే వచ్చి ఉంటే, కలిపిన జాయింటు లోపల కాయిల్ మీదే కట్టి ఉంటుంది. దాన్ని విప్పాలంటే మూత తీసి, దారం కోసి, జాయింటు బయటకు లాగి, కొత్త స్లీవు తొడగాలి. ఓపికగా చేస్తే గంట పని. మీరైతే స్క్రూడ్రైవర్‌తో పొడవండి. తీగ మీది ఎనామిల్ ఒక్కచోట గీసుకుపోయినా నాకు చాలు.

మిక్సీ, చేతి డ్రిల్లు, పాత కుట్టుమిషను మోటారు, వీటి జాతి వేరు. కార్బన్ బ్రష్షులుంటాయి. బ్రష్షులకు వచ్చే రెండు వైర్లను ఒకదాని చోట ఒకటి మారిస్తే ఉల్టా తిరుగుతాయి, కాకపోతే ఒక దిశకే సర్దిన బ్రష్షులైతే నిప్పురవ్వలు ఎక్కువొస్తాయి. చిన్న కూలర్ పంపులో పోలు మీద రాగి కడియం ఉండే మోటారును వైర్లతో ఉల్టా తిప్పడం దేవుడి తరం కూడా కాదు. విప్పి, రోటరును తల్లకిందులుగా బిగించాలి. పాత గిర్నీల్లో పెద్దలకు ఈ బాధలు లేవు. పట్టా బెల్టును ఎనిమిది అంకెలా మెలిక వేసేవారు, మోటారు సీదా, మిషను ఉల్టా. ఇప్పటి వీ బెల్టుతో ఆ పని చేయబోయినవాళ్లు బెల్టు షాపువాడికి కూడా బేరం ఇచ్చినవాళ్లవుతారు.

ఇంకొక చిట్కా. రివర్స్ స్విచ్ పెట్టించుకున్నవాళ్లు మోటారు ఆగేదాకా ఎదురుచూడకండి. నడుస్తుండగానే తిప్పండి. కండెన్సర్ స్టార్ట్ మోటారైతే ఏమీ జరగదు, తిరిగే దిక్కుకే తిరుగుతూ ఉంటుంది. ఎందుకంటే స్టార్టింగ్ కాయిల్ అప్పటికే విడిపోయింది. దాని మాట చెల్లేది మళ్లీ ఆగి మొదలైనప్పుడే. మీరు మాత్రం స్విచ్ చెడిపోయిందని కొత్తది కొనండి.

ఇక మిషను సంగతి అసలు ఆలోచించకండి. మర కట్టుతో బిగించే చక్ ఉన్న లేత్‌ను ఉల్టా నడిపితే చక్ తనంతట తాను ఊడి వస్తుంది. రెండు రాళ్ల గ్రైండర్‌లో ఎడమవైపు నట్టుకు ఎడమ మర ఎందుకు పెట్టారో తెలుసా? తిరుగుతున్నకొద్దీ రెండు నట్లూ బిగిసేట్టు. ఉల్టా తిప్పితే రెండూ వదులవుతాయి. రాయి షెడ్డు దాటి ఎటు పోతుందో దాని ఇష్టం.

5. బోరు నీళ్లు తగ్గితే గంగమ్మను తిట్టండి

త్రీ ఫేజు మోటారుకు స్టార్టింగ్ కాయిల్, కండెన్సర్ గొడవ లేదు. మూడు ఫేజులే ఒకదాని వెనక ఒకటి వచ్చి అయస్కాంతాన్ని తిప్పుతాయి. ఉల్టా తిప్పాలంటే ఏవైనా రెండు వైర్లు మారిస్తే చాలు. అందుకే మీరు మూడూ మార్చండి. ఒక్కో వైరును పక్క బోల్టుకు జరుపుకుంటూ పోతే వరస మారదు. ఒకటి, రెండు, మూడు అన్నా, రెండు, మూడు, ఒకటి అన్నా తిరిగేది అటే. "మూడు మార్చినా సీదా అయితలేదన్నా, నీ వైండింగే తప్పు" అని నా మీదికి కొట్లాటకు వచ్చినవాళ్లను చాయ్ తాగించి పంపాను.

ట్రాన్స్‌ఫార్మర్ కాలి కొత్తది పెట్టిన రోజు మా షాపుకు పండగ. పెట్టేటప్పుడు ఫేజుల వరస మారితే దాని కిందున్న త్రీ ఫేజు మోటార్లన్నీ ఒక్కసారే ఉల్టా తిరుగుతాయి. గడ్డి మిషను గడ్డిని మింగకుండా కక్కుతుంది, దాన్నయితే గుర్తుపడతారు. బోరు మోటారు కంటికి కనిపించదు కదా! అది ఉల్టా తిరిగినా నీళ్లు వస్తాయి, సన్నగా. రైతు పైపు దగ్గర నిలబడి "నీళ్లు అడుగంటినై" అని తల పట్టుకుంటాడు. ఇంకో రెండు పైపులు దింపుతాడు. మోటారు పైకి తీయించి నా దగ్గరకు తెస్తాడు. స్టార్టరు దగ్గర రెండు వైర్లు మార్చి చూస్తే ఐదు నిమిషాల్లో తేలే సంగతి ఇది. ఇంత ఖర్చయ్యాక నిజం చెప్పడం మర్యాద కాదు కాబట్టి నేనూ చెప్పను.

మన పాత నల్లగొండ జిల్లాలో 2017 జూలైలోనే ప్రయోగంగా మొదలుపెట్టి, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. ఆటోస్టార్టర్లు తీసేయమని అప్పుడు ఊరూరా చెప్పారు. పాత రోజుల్లో కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక పెట్టుకున్నవి అవి. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న మోటార్లన్నీ ఒక్కసారే ఎక్కబోయేవి, దాని నడుం విరిగేది. ఆ పెట్టె మీది ప్రేమతో ఇంకా తీయనివాళ్లకు నా నమస్కారాలు. కరెంటు ఉచితమే అన్నా, కాయిల్ ఉచితం కాదు.

ఒక ఫేజు పోయినప్పుడు కూడా కంగారు పడకండి. నడుస్తున్న త్రీ ఫేజు మోటారు రెండింటి మీదే కుంటుతూ నడుస్తుంది. మిగిలిన రెండు వైర్లలో కరెంటు దాదాపు 1.7 రెట్లకు ఎక్కుతుంది. ఫేజు పోతే మోటారును ఆపేసే ప్రివెంటర్ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది. కొనకండి. మిర్యాలగూడ రైస్‌మిల్లులవాళ్లు అలాంటివన్నీ పెట్టుకుంటారు, వాళ్లకు మిల్లు ఆగితే నష్టం. మీకేం, మీకు నేనున్నాను.

6. ఫ్యూజు తెగితే అవమానంగా భావించండి

కిట్‌క్యాట్ ఫ్యూజు మాటిమాటికీ తెగుతోందా? సన్న తీగ తీసేసి సైకిల్ ఊచ వేయండి. ఎంసీబీ పడిపోతోందా? ఇంకా పెద్దది పెట్టించండి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే మీద ఒక చక్రం ఉంటుంది, మోటారు రేకు మీది ఆంపియర్ల దగ్గర దాన్ని పెట్టాలంటారు. మీరు చివరిదాకా తిప్పేయండి. ఇంటి కుక్క మొరుగుతోందని దొంగను కాకుండా కుక్కను కొట్టే పద్ధతి ఇది. ఎంతో హాయిగా ఉంటుంది.

వైరు కూడా సన్నదే వాడండి. స్తంభం నుంచి షెడ్డు దాకా గుమ్మడి తీగలా లాగండి. మోటారు దగ్గర 230 ఓల్టులకు బదులు 180 అందాయనుకోండి. మోటారు బలం ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నూటికి అరవైకి పడిపోతుంది. కానీ మిషను బరువు తగ్గదు కదా. ఆ లోటును మోటారు ఎక్కువ కరెంటు లాగి తీర్చుకుంటుంది, కాయిల్ ఉడుకుతుంది. ఇన్సులేషన్ వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల పాత లెక్క. ఆ లెక్కను నేను నా క్యాలెండర్‌లో రాసుకున్నాను.

దీనికి తోడు మోటారు మీద గోనెసంచి కప్పండి, దుమ్ము పడకుండా. రందా మిషను పొట్టు గాలి కంతల్లో కూరుకుపోతే తీయకండి, చలికాలంలో వెచ్చగా ఉంటుంది.

7. బేరింగును సుత్తితో పలకరించండి

బేరింగు వేసేటప్పుడు బయటి రింగు మీద సుత్తితో గట్టిగా కొట్టండి. లోపలి రింగుకు సరిపోయే పైపుముక్క ఆనించి కొట్టాలని కొందరంటారు, వాళ్లకు టైముంది. మీ దెబ్బలకు లోపల గుండ్ల బాటలో గుంటలు పడి, నెలలోపే కరకర మొదలవుతుంది. గ్రీజు నిండా కూరండి. మూడో వంతో, సగమో చాలంటారు. నిండా పెడితే అది చిలికి వేడెక్కి కరిగి కాయిల్ మీద కారుతుంది. బెల్టును వీణ తీగలా బిగించండి, షాఫ్టు పక్కకు లాగబడి రోటరు స్టేటరును రాసుకుంటుంది. అప్పుడు వైండింగ్ ఒక్కటే కాదు, లేత్ పని కూడా పడుతుంది. ఆ లేత్ మా బావమరిదిది.

8. మోటారు ఎందుకు కాలిందని అడగకండి

కాలిన మోటారు మూత తీస్తే కాయిల్ తనే వాంగ్మూలం ఇస్తుంది. అన్ని కాయిళ్లూ ఒకేలా నల్లబడితే అతి బరువు, లేదా తక్కువ ఓల్టేజీ. స్టార్టింగ్ కాయిల్ ఒక్కటే మాడి, రన్నింగ్ కాయిల్ ఎర్రగా మెరుస్తుంటే స్విచ్చో, కండెన్సరో నేరస్థుడు. త్రీ ఫేజులో ఒక ఫేజు కాయిళ్లు నిగనిగలాడుతూ రెండు ఫేజులవి బొగ్గయితే, లేదా రెండు బాగుండి ఒకటే బొగ్గయితే ఫేజు పోయినప్పుడు నడిపారు. ఒకే ఒక్కచోట మచ్చ పడి తీగ తెగితే గీరుకుపోయిందో, తడి దిగిందో.

ఇదంతా నాకు మూత తీసిన నిమిషంలో తెలుస్తుంది. మీరు మాత్రం అడగకండి. "ఎప్పుడిస్తవన్నా, రేపు పొద్దుగాల కావాలె" అని మాత్రమే అడగండి. కారణం అక్కడే ఉంటుంది. పాత స్విచ్చు, పాత కండెన్సరు అట్లాగే బిగించుకుని పొండి. వచ్చే నెల మళ్లీ కలుద్దాం.

9. ఇది మాత్రం వ్యాపారం కాదు

ఇప్పటిదాకా చెప్పినవి మోటారు చావుకు సంబంధించినవి. కస్టమర్ చస్తే నాకు గిట్టుబాటు కాదు. కాబట్టి ఈ ఒక్క చోట తిన్నగా చెప్తాను, తిన్నగానే వినండి.

మోటారు బాడీకి ఎర్త్ వైరు ఉండాలి. పచ్చ వైరు కనిపించినంత మాత్రాన చాలదు, అది నేలలో గుంత దాకా పోవాలి. కాయిల్‌లో ఎక్కడో ఎనామిల్ పోయి బాడీకి తగిలితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, కానీ దాని చుట్టూ ఉన్న ఇనుమంతా ప్రాణాంతకం. వానకాలంలో తడి నేల మీద చెప్పుల్లేకుండా స్టార్టరు ముట్టినవాళ్ల సంగతులు మన దగ్గర ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఎర్త్‌కు తోడు లీకేజీ పట్టే బ్రేకరు పెట్టించండి.

స్విచ్ ఆపినంత మాత్రాన డబ్బా విప్పకండి. ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి, టెస్టరుతో చూడండి. కండెన్సర్ కరెంటు పోయాక కూడా కరెంటు దాచుకుంటుంది. రెండు కొసలు కలిపి టప్ మనిపించి "బాగుంది" అనడం మన దగ్గర పెద్ద ఆచారం. అది మానండి. బల్బు తగిలించి ఖాళీ చేసి, మీటరుతో కొలవండి. తిరిగే బెల్టు దగ్గరకు లుంగీ, చున్నీ, జడ పోనివ్వకండి. ఇది కూడా పాటించనంటే మా షాపుకు రాకండి.

10. గిర్నీ పెద్దమ్మ దగ్గరకు పోకండి

చివరి సలహా. మా మండలంలో ఒక ఊళ్లో పిండిగిర్నీ నడిపే పెద్దమ్మ ఒకామె ఉంది. నా నష్టాలకు సగం కారణం ఆమే. ఆమె మోటారు మీద రేకు ఇంకా మెరుస్తుంది, వారానికోసారి తడిబట్టతో తుడుస్తుంది. మోటారు వెనక గోడ మీద సుద్దముక్కతో ఒక బాణం గీసింది, ఎటు తిరగాలో. దాని కింద కండెన్సర్ నంబరు, బేరింగు నంబరు రాయించుకుంది. రోజూ గిర్నీ మొదలుపెట్టేటప్పుడు ముందు జొన్నలు పోయదు, ఖాళీగా తిప్పి ఒక క్షణం తల వంచి వింటుంది. టక్ అన్నాకే గింజ పోస్తుంది.

పదకొండేళ్లలో ఆమె నాకు ఒక్క వైండింగ్ ఇవ్వలేదు. ఒక్కసారి ఫోను చేసింది.

"బిడ్డా, మోటర్ గొంతు మారింది. ఆపేసిన. ఒకసారి వస్తవా?"

పోయాను. బెల్టు తీసి షాఫ్టు చేత్తో తిప్పితే పుల్లీ వైపు కొంచెం గరగర. బేరింగు 6204, గోడ మీద రాసే ఉంది. వేసి, కాయిల్ చూశాను. పదకొండేళ్ల కాయిల్, ఇంకా ఎర్రగా, వార్నిష్ వాసనతో. బేరింగు పైసలు, మజూరీ ఇచ్చి, వద్దన్నా రెండు కిలోల జొన్నపిండి చేతిలో పెట్టింది.

"ఎట్ల పట్టినవ్ పెద్దమ్మా?" అన్నాను.

"పట్టుడేంది బిడ్డా? రోజూ ఇనేదానికి మారితే తెల్వదా?"

ఇట్లాంటివాళ్లు మండలానికి పదిమంది అయితే నేను బోర్డు పీక్కోవాల్సిందే. కాబట్టి మీకు దండం పెట్టి చెప్తున్నాను. పిండి పట్టించుకోవడానికి ఆ గిర్నీకి పోతే పొండి. డబ్బా దింపి, పిండి నింపుకుని, తిన్నగా ఇంటికి రండి. ఆమె తల వంచి వినేటప్పుడు మీరు కూడా ఆగి వినకండి.